బతికున్న రాజుకు తర్పణం

పడమటి సేనలు వచ్చి దిగిన నాటినుండి పులిగుండ్ల దుర్గం కింది మైదానమంతా గుడారాలతో తెల్లబడి, ఏనుగుల ఘీంకారాలతో, కమ్మరి కొలుముల పొగతో నిండిపోయి, బురుజుల మీదినుండి చూసేవారికి ఒక నగరమే నడిచివచ్చి కూర్చున్నట్టు ఉండేది. ఆ సేనకు ఎదురొడ్డి ఎండాకాలమంతా కోటను నిలిపినవాడు బొల్లమనాయకుడు. అతడు మల్లవోలు ప్రభువైన పోతభూపతికి లెంక.

లెంక అంటే జీతానికి కత్తి పట్టే బంటు కాడు. ప్రభువు పోయిననాడు తానూ పోతానని దేవుడి ఎదుట మాట ఇచ్చి కాలికి అందె తొడిగించుకున్నవాడు. ఆ మాట ఇచ్చాక ప్రాణం తనది కాదు. బొల్లమనాయకుడు నిద్రలో కూడా రాజుకే జవాబు చెబుతుంటాడని భార్య కామసాని వేళాకోళం చేసేది. అందులో వేళాకోళం పాలు తక్కువే.

ముట్టడి సాగి సాగి ఇరువైపులా విసుగు పుట్టింది. కోటను వదిలితే వెనుదిరుగుతామని పడమటివారు కబురు చేశారు. పోతభూపతి వదలడానికి సిద్ధపడ్డాడు. అంతటితో ఊరుకుంటే కథ లేదు. కానీ పక్కన కొమ్మనామాత్యుడు ఉన్నాడు, అతడు ఏకాంతంలో ఇలా విన్నవించాడు.

"మహాప్రభూ, కోటను ఇచ్చివేయమని ఆజ్ఞ పంపితే బొల్లమనాయకుడు ఇస్తాడు. తన సేనతో రాజధానికి వస్తాడు. నెత్తురు ధారపోసి నిలిపిన కోటను ఊరికే ఎందుకు వదిలారని ఆ సేన అడుగుతుంది. అప్పుడు వారు ఎవరిని సింహాసనం మీద చూడగోరుతారో ఏలినవారే ఊహించవలె. అతడిపై కత్తి ఎత్తనక్కర లేదు, విషం కలపనక్కర లేదు. ఏలినవారు స్వర్గస్థులైనారన్న వార్త ఒక్కటి చాలు. మిగిలినది అతడు ఇచ్చిన మాటే చూసుకుంటుంది."

రాజు వెంటనే ఒప్పుకోలేదు. ఆపాటి సిగ్గు ఉంది. భోజనానికి లేచే వేళకు మాత్రం ఒప్పుకున్నాడు, ఆనవాలుగా తన తలపాగాను తానే విప్పి ఇచ్చాడు.

తలపాగా కోటకు చేరిన పొద్దున బొల్లమనాయకుడు దాన్ని గుండెకు హత్తుకుని, సైనికులంతా చూస్తుండగా భోరున ఏడ్చాడు. ఇద్దరూ చిన్ననాడు ఒకే గురువు దగ్గర కత్తి తిప్పినవారు. రాజుకు కొడుకులు లేరు కనుక తానే కొడుకై నువ్వులూ నీళ్ళూ విడిచాడు. ఆపైన ఆచారం ప్రకారం ఉన్నదంతా పంచిపెట్టాడు. గుర్రం దాన్ని సాకే సాహిణికి, కత్తి తన కింది నాయకుడికి, మాన్యం పొలాలు చనిపోయిన బంట్ల భార్యలకు ఇచ్చాడు. ఏళ్ళ తరబడి మాటలు లేని జ్ఞాతిని పిలిచి, ఆ పగను కూడా వదిలేశాడు. చివరకు ఒంటి మీది పంచె మిగిలింది. కోట వాకిట వీరశిల దగ్గర ప్రాణం విడవవలసిన ఘడియ ఇంకా రాలేదు. కామసాని కన్నీళ్ళు దిగమింగుకుని జొన్న అంబలి తెచ్చింది.

"దీనికింత రుచి ఉందని నాకు తెలియనే తెలియదు," అన్నాడు.

"మీరు తిన్నదెప్పుడు? మింగి గుర్రమెక్కారు," అన్నదామె.

అతడు నవ్వాడు. వెంటనే, ప్రభువు పోయిన రోజున నవ్వు వచ్చినందుకు తనను తాను అసహ్యించుకున్నాడు. కానీ ఒళ్ళు తేలికగా ఉన్న మాట నిజం. పోగొట్టుకోవడానికి ఏమీ లేని ఆ కొద్దిసేపట్లో, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత సుఖంగా ఉన్నాడు.

అంతలో కోట వాకిట కలకలం రేగింది. పడమటి సేనాని నాగిదేవ దండనాథుడు ఆయుధం లేకుండా, ఒంటరిగా వచ్చి నిలుచున్నాడు.

"నాయకా," అన్నాడతడు, "పోరులో నిన్ను చంపి ఉంటే గర్వపడేవాణ్ణి. ఈ విధంగా నీవు చస్తే నా వంశం తల ఎత్తుకోలేదు. సంధి కుదిరింది. నీ రాజు సజీవుడై మా శిబిరంలో ఉన్నాడు. నా మాట నమ్మవద్దు, బురుజెక్కి చూడు."

బొల్లమనాయకుడు బురుజెక్కి చూశాడు. కోటలో తన కోసం మోగుతున్న చావుడప్పు వినబడేంత దగ్గరలో, తెల్లగొడుగు కింద పోతభూపతి కొత్త తలపాగాతో కూర్చుని ఉన్నాడు. నవ్వేటప్పుడు పక్కవాడి భుజం మీద చేయి వేయడం ఆయనకు చిన్ననాటి అలవాటు. ఆ చేయి ఇప్పుడు కొమ్మనామాత్యుడి భుజం మీద ఉంది.

శత్రువు పొడిచిన పోట్లన్నీ కలిపినా అంత నొప్పి లేదు. రాతిగోడ పట్టుకుని నిలబడ్డాడు. కింద సేన కత్తులు దూసింది. ఇప్పుడే దూకుదాం, నిన్నే రాజును చేస్తామని కేకలు వేసింది. ఒక్క సైగ చేస్తే మల్లవోలు అతడిదే.

"వద్దు," అన్నాడు బొల్లమనాయకుడు. "ఒకరి సింహాసనం మోసి ఇంతవాణ్ణయ్యాను. నా సింహాసనాన్ని మీ చేత మోయించలేను. ఇంటికి పోయి మీ బిడ్డలను చూసుకోండి."

కోటలోని వారిని తాకబోమని నాగిదేవుడి చేత మాట తీసుకుని, తలుపులు తీయించాడు. కాలి అందెను కమ్మరి చేత కోయించుకున్నాడు. ఇచ్చిన గుర్రాన్ని సాహిణి తిరిగి తెస్తే తీసుకోలేదు. కామసానితో నడుచుకుంటూ పోయి, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఆమె తండ్రి వదిలిన పొలం చెక్కలో జొన్న చల్లుకున్నాడు.

బొల్లమనాయకుడు లేని మల్లవోలును పట్టడానికి పడమటివారికి మరుసటి ఏడే మనసైంది. రాజధాని తలుపులు లోపలినుండి తీసినవాడు కొమ్మనామాత్యుడే. అడవుల వెంట పారిపోయిన పోతభూపతి చిరిగిన బట్టలతో ఆ చేను గట్టుకు చేరాడు.

"బొల్లమా, తప్పు చేశాను. నీవు పిలిస్తే సేన లేస్తుంది. నీ ప్రభువు బతికే ఉన్నాడు, ఇదిగో నీ ఎదుటే ఉన్నాడు," అన్నాడు.

బొల్లమనాయకుడు చేతిలోని పారను గట్టుకు ఆనించాడు.

"నా ప్రభువు పులిగుండ్లలో పోయాడయ్యా. కొడుకులా ఏడ్చి నీళ్ళు వదిలాను. వార్త అబద్ధమేమో కానీ నా ఏడుపు అబద్ధం కాదు. తమరెవరో ఎండన పడి వచ్చారు. నీడన కూర్చుని మజ్జిగ పుచ్చుకుని వెళ్ళండి."

కామసాని మజ్జిగ ఇచ్చింది. రాజు తాగి, అతడు మనసు మార్చుకుంటాడేమోనని కాచుకుని, చివరకు లేచి ఏటి వెంట వెళ్ళిపోయాడు.

బొల్లమనాయకుడు పార పట్టుకుని చేలోకి దిగి, మడికి నీళ్ళు కడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజు కోసం కాక తన కోసం తాను ఏడవటం అతడికి అదే మొదలు. కామసాని పిలవలేదు, ఏడవనిచ్చింది. నీళ్ళు కట్టడం అయ్యాక అతడే వచ్చి, ఆకలేస్తోందన్నాడు.