ఏజెంట్ ఐడీ

ఓడరేవు హోటల్ లిఫ్టులో ఒక ఏజెంట్‌ని సైలెన్సర్ తుపాకీతో కాల్చేశారు. వారంలో ఇది రెండో చావు. ఇద్దరూ ఒకే కొరియర్ కంపెనీ మనుషులు. ఆ కంపెనీ పైకి పార్సిళ్లు చేరవేస్తుంది, లోపల గూఢచారి శాఖ.

చీఫ్ గద్ద అనే మారుపేరున్న ఏజెంట్‌ని పిలిపించాడు. ద్రోహి లోపలే ఉన్నాడనీ, పట్టుకురమ్మనీ చెప్పాడు. ఎవరిమీద అనుమానమని అడిగితే, గద్ద తడుముకోకుండా నెమలి పేరు చెప్పాడు. నెమలి శత్రుముఠాలో ఉంటూ వీళ్లకీ పనిచేసే డబుల్ ఏజెంట్. అందగత్తె. అదొక్కటే సాక్ష్యం.

గద్ద ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఆఫీసులో దిగాడు. స్క్రూడ్రైవర్ పిడిలో మత్తుసూది. నెమలి గదిలో తలుపేసి, దాన్ని ఆమె మెడకి ఆనించాడు.

"గ్యాస్ అయిపోయిందా?" అందామె. అది కోడ్. గద్ద దాన్ని పక్కనపెట్టి సూటిగా అడిగాడు.

"మావాళ్ల పేర్లు నువ్వే ఇచ్చావు కదూ?"

"నేనెందుకివ్వడం? మీ కంపెనీ కంప్లైంట్ పేజీ తెరిచి చూడు బాబూ."

ఫోన్‌లో తెరిచాడు. 'మీ ఏజెంట్ ఎవరు?' పక్కన బాణం గుర్తు. నొక్కగానే అందరి పేర్లూ, ఎక్కడ డ్యూటీయో కూడా, బిలబిలమంటూ కిందికి దిగాయి.

ఆ పేజీ గద్ద చేసిందే. బయటివాళ్లని నమ్మక తనే కూర్చుని చేశాడు. కస్టమర్ తన ఏజెంట్ నంబరు టైప్ చేసే ఖాళీ గడి వస్తుందనుకుని, దానికి 'ఏజెంట్ ఐడీ' అని పేరు పెట్టాడు. అతను వాడిన ఫ్రేమ్‌వర్క్, అంటే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్, గడుల పేర్లనిబట్టి ఫారం తనే తయారుచేస్తుంది. పేరు చివర ఐడీ ఉంటే ఆ పట్టికలో ఉన్నవాళ్లందర్నీ తెచ్చి లిస్టు కట్టేస్తుంది. ఆ సంగతి తెలియక కాదు, పేరు పెట్టేటప్పుడు గుర్తురాలేదు. చేశాక ఒక్కసారి తెరిచి చూసుకోలేదు, అంతే.

గద్ద చెవులు వేడెక్కాయి. ఆమె మెడమీంచి చెయ్యి తీసేశాడు. ఆమె మొహం చూడలేకపోయాడు.

"ఇవాళ మూడో పేరు," అంది నెమలి మెల్లగా. "మీ చెల్లెలు."

చెల్లెలు కూడా ఆ కంపెనీ ఏజెంటే. ఆమె ఇవాళ్టి డ్యూటీ ఏ ఊరో ఇంకాసేపట్లో పేజీలోకి ఎక్కుతుంది. ఇటునుంచి మాత్రమే కనబడే అద్దం అవతల గదిలో ముఠా ఆపరేటర్ దానికోసమే కాచుక్కూర్చున్నాడట. ఊరు చూడగానే అక్కడి షూటర్‌కి ఫోన్ చేస్తాడట.

డ్యూటీలో చెల్లెలి ఫోన్ ఆపి ఉంటుంది. సైట్ ఆపాలంటే చీఫ్ పాస్‌వర్డ్ కావాలి, అడిగేంత టైం లేదు. గద్ద ఫోన్‌లోంచే సర్వర్‌లోకి వెళ్లి, గడి పేరులో ఐడీ చెరిపి 'నంబరు' అని కొట్టాడు. అద్దం అవతల వాడు మౌస్ అందుకున్నాడు.

సేవ్.

బాణం మాయమైంది. ఖాళీ గడి మిగిలింది. వాడు తెరకేసి వంగి కళ్లు నులుముకునేలోపు గద్ద ఆ గదిలోకి దూరి సూది వాడి మెడలో దించాడు.

సాయంత్రం చీఫ్ గదికి చెల్లెలు కూడా వచ్చింది. ద్రోహి ఎవరని చీఫ్ అడిగాడు. చనిపోయినవాళ్లవి, ఖాళీగా ఉన్న ఆ రెండు కుర్చీలవైపు గద్ద తలెత్తలేదు.

"నేనే సార్."

జరిగిందంతా చెప్పి బ్యాడ్జీ బల్లమీద పెట్టాడు. చీఫ్ దాన్ని ముట్టుకోలేదు, వద్దనీ అనలేదు. చెల్లెలే మాట్లాడింది.

"తలుపులు బద్దలుకొట్టే పని నువ్వు చూసుకో అన్నయ్యా. పేర్లు పెట్టే పని నాకొదిలెయ్."