అడగకూడని లెక్క

"మీకు ఎన్ని జింకలున్నాయి?"

నార్వే ఉత్తరపు కొసన మా కౌటోకైనో ఊరి పెట్రోలు బంకు దగ్గర మిక్కల్ అనే కుర్రాడు రిస్తెన్‌తో అన్న మొట్టమొదటి మాట ఇది. క్యాన్‌లో పెట్రోలు పోసుకుంటున్న రిస్తెన్ చెయ్యి ఆగిపోయింది.

"మీ నాన్నకు బ్యాంకులో ఎంతుంది?" అంది.

"అదేంటి?"

"చెప్పు. మీ అమ్మ పెట్టెలో వెండి ఎంతుందో అదీ చెప్పు. బంకులో నలుగురూ వింటారు."

మిక్కల్ ముఖం కందిపోయింది. పాపం, సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్లాడు. వాళ్ల ఊళ్లో ఎన్ని చేపలు పడ్డాయని అడగడమే పలకరింపు. మా పీఠభూమి మీద రెయిన్‌డీర్ జింకల మందలున్న వాళ్లను మాత్రం ఎన్ని తలలున్నాయని అడగకూడదు. ఆ అంకె ఇంట్లోవాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియనివ్వరు.

"సారీ అండీ. కొత్తవాణ్ణి. హెయ్కా గారి దగ్గర పనికొచ్చా."

"మా బాబాయి దగ్గరా? అలా చెప్పు! లెక్క తెలుసుకు రమ్మని ఆయనే పంపాడా?"

"అయ్యో, కాదండీ!"

రిస్తెన్ వినలేదు. స్కూటర్ ఎక్కింది. మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్‌ని మేము స్కూటర్ అనే అంటాం. ఆమెది చనిపోయిన వాళ్ల నాన్న నడిపిన పాత బండి. పోతూ పోతూ మిక్కల్ ముఖం నిండా మంచు చిమ్మిపోయింది. అతను ఆ మంచు తుడుచుకోకుండా నవ్వుతూ నిలబడ్డాడని బంకువాడు ఊరంతా చెప్పాడు.

ఏప్రిల్ వచ్చింది. మందల్ని సముద్రం వైపు నడిపించే నెల. రాత్రంతా గడ్డకట్టిన మంచు పొద్దున రాయిలా ఉంటుంది. ఎండెక్కిందంటే జింకల కాళ్లు కడుపు దాకా దిగబడిపోతాయి. కదిలితే పొద్దున్నే కదలాలి.

మందలు కదలాల్సిన ముందురోజు సాయంత్రం హెయ్కా గుడారాల మధ్య నిలబడి అందరికీ వినపడేలా మొదలుపెట్టాడు. ఆయనంటే నాకు పడదు, ముందే చెప్పేస్తున్నాను.

"రిస్తెన్, ఇక పంతాలు చాలమ్మా. నీ జింకల్ని నా మందలో కలిపెయ్. ముందు మా అబ్బాయి నడుస్తాడు. నువ్వు మీ అమ్మతో వెనక స్లెడ్జి బండిలో కూర్చుని రా."

"నాన్న మంద ముందు నేనే నడుస్తా, బాబాయ్."

"ఆ డొక్కు స్కూటర్ మీదా? సరే. రేపు పొద్దున మంద కదిలే వేళకి నీ బండి మీద నువ్వు ముందుండు. లేకపోతే కలిపేస్తా. మళ్లీ మాట్లాడకూడదు."

"ఉంటా."

కలిపితే ఇక అంతే. ఎక్కడ మేపాలో, ఎప్పుడు కదలాలో, దేన్ని అమ్మాలో అన్నీ హెయ్కా చెప్పినట్టే జరగాలి. జింకల చెవి మీద రిస్తెన్ గుర్తు ఉంటుంది, పెత్తనం ఆయనది.

తెల్లవారింది. రిస్తెన్ బండి మీద కప్పి ఉన్న జింక చర్మాన్ని లాగి పక్కన పడేసి తాళం తిప్పింది.

టక్.

మళ్లీ తిప్పింది. టక్ టక్. లైటు ఎర్రగా వెలిగి ఆరిపోయింది. చేత్తో లాగి స్టార్ట్ చేసే తాడు వారం కిందటే లోపలి స్ప్రింగుతో సహా తెగింది. సెల్ఫ్ ఒక్కటే దిక్కు.

బానెట్ ఎత్తింది. బ్యాటరీ టెర్మినళ్ల మీద పట్టిన తెల్ల పొడిని కత్తితో గీకి, నట్లు బిగించి, మళ్లీ తాళం తిప్పింది. ఈసారి టక్ అని కూడా అనలేదు.

"వైర్లు తెచ్చా. నా బండి నుంచి కరెంటు ఇస్తా" అంటూ మిక్కల్ వచ్చాడు.

రిస్తెన్ లేచి నిలబడింది. "నిన్న సాయంత్రం నా స్కూటర్ చుట్టూ తచ్చాడింది నువ్వే కదూ? ఏం పీకావ్? మా బాబాయి ఎంతిస్తానన్నాడు?"

"ఏం పీకలేదు."

"మరి నా బండి దగ్గర నీకేం పని?"

మిక్కల్ మంచులో పడున్న చర్మం వైపు చూపించాడు. "రాత్రి చలి ఎక్కువగా ఉంటుందన్నారు. ఇంజిన్ మీద కప్పా."

"అది... అమ్మ కప్పిందనుకున్నా."

"చెబితే తిడతావని చెప్పలేదు."

"చెప్పకపోయినా తిట్టాను కదా" అంది రిస్తెన్. అది క్షమాపణ. ఆమె నోట అంతకన్నా వినాలంటే ఇంకో జన్మ ఎత్తాలి.

అతను వైర్లు విప్పుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. బ్యాటరీ బయటికి తీసింది. రెండు పక్కలా ఉబ్బి ఉంది.

"చూడు, లోపల గడ్డకట్టేసింది. దీనికి కరెంటిస్తే ముఖం మీద పేలుతుంది."

"ఇంత పాత బ్యాటరీ ఎందుకు పెట్టుకున్నావ్?"

"కొత్తది బాబాయి కొనిస్తానన్నాడు. అందుకే వద్దన్నా."

మిక్కల్‌కి నవ్వొచ్చింది, మింగేశాడు. "పోనీ, నా బండి బ్యాటరీ విప్పి పెట్టనా?"

"నీ బండి ఎవరిది?"

"మీ బాబాయిదే."

"మరి?"

మిక్కల్ వైర్లు చుట్టి పక్కన పెట్టాడు.

హెయ్కా తన కొత్త స్కూటర్ మీద తాపీగా వచ్చాడు. "ఎండెక్కుతోందమ్మా. నీ జింకలకి ఎదురుచూసే ఓపిక లేదు. కలిపేద్దామా?"

రిస్తెన్ జింకల్ని పట్టడానికి భుజానికి వేసుకునే పొడుగు తాడు తీసింది. బెల్ట్ మూత విప్పి, ఇంజిన్‌తో పాటు తిరిగే కప్పీకి ఆ తాడు చుట్టింది. కాలు తన్నిపెట్టి లాగింది. ఇంజిన్ దగ్గింది. మళ్లీ చుట్టి లాగింది. మళ్లీ దగ్గి ఊరుకుంది. చోక్ పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి.

"మిక్కల్! చోక్ పట్టుకో. తాడు మాత్రం ముట్టుకోకు. లాగేది నేనే."

"ఆ బండి మీద చెయ్యేశావంటే నీకు నా దగ్గర పని లేదు" అన్నాడు హెయ్కా.

మిక్కల్ జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీ బండి అక్కడుందండీ. ట్యాంకు నిండా పోశాను." వచ్చి చోక్ పట్టుకున్నాడు.

రిస్తెన్ అతని వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపు కోసం ఇంకో పది ఉద్యోగాలు వదులుకున్నా నష్టం లేదనిపించింది మిక్కల్‌కి.

"లాగుతున్నా!"

రెండు చేతులా, ఒంట్లో ఉన్న పంతమంతా పెట్టి లాగింది. వెనక్కి మంచులో పడింది. పడుతూనే విన్నది, ఇంజిన్ గర్జించడం. రాత్రంతా చర్మం కింద ఉన్న ఇంజిన్ మరీ చల్లబడలేదు, అందుకే అందుకుంది.

"బ్యాటరీ లేకుండా ఎంతదూరం పోతావే?" అని అరిచాడు హెయ్కా.

"ఆపకుండా ఉంటే సముద్రం దాకా పోతా, బాబాయ్! దీనికి బ్యాటరీ స్టార్ట్ అవడానికే, నడవడానికి కాదు." మిక్కల్ వైపు తిరిగింది. "ఎక్కు."

"నేనా? ఎందుకు?"

"దారిలో ఆగిపోతే చోక్ ఎవరు పడతారు, మా బాబాయా?"

మెడలో గంట ఉన్న పెద్ద జింకను వెనక కట్టుకుని రిస్తెన్ కదిలింది. గంట చప్పుడు విని మంద కదిలింది. హెయ్కా మంద ఆ వెనక నడిచింది, వేరే దారి లేక.

సరస్సు గట్టున మందను మేతకి వదిలి ఆగారు. ఇంజిన్ మాత్రం ఆపలేదు. రిస్తెన్ తల్లి ఎల్లె మంట వేసి కాఫీ పెట్టింది, మా అలవాటు ప్రకారం కప్పుల్లో గట్టి జున్ను ముక్కలు వేసింది.

"నా ఉద్యోగం పోయింది. నువ్వు జీతం ఎంతిస్తావ్?" ఇంజిన్ మోతలో గట్టిగా అడిగాడు మిక్కల్.

"ఇవ్వను."

"అన్యాయం కదా!"

రిస్తెన్ వంగి అతని చెవిలో ఒక మాట చెప్పింది. మిక్కల్ చేతిలోని కాఫీ సగం మంచులో ఒలికింది.

"అది... అది మీ మంద లెక్క కదా! నాకెందుకు చెప్పావ్?"

"బంకు దగ్గర అడిగావుగా."

"అప్పుడు తెలీక అడిగా!"

"నేను తెలిసే చెప్పా."

ఎల్లె అతని ముఖం చూసింది, కూతురి ముఖం చూసింది. "చెప్పేశావటే?"

"చెప్పేశానమ్మా."

ఎల్లె మిక్కల్ కప్పు అందుకుని మళ్లీ నింపింది. జున్ను ముక్క ఇంకోటి ఎక్కువ వేసింది.

"తాగు నాయనా. ఇంక ఆ లెక్క తప్పకుండా చూసుకోవాల్సింది నువ్వు కూడా."