శబ్దం ఎటు పోతోంది?

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండా 'సరే' నొక్కేస్తాం. అదే పని షాపుకొచ్చినవాళ్లు చేస్తే మాత్రం "చదవకుండా ఎలా నొక్కారండీ?" అని క్లాసు పీకుతాం. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు చూడండి, అలా అన్నమాట. ఆ జబ్బు నాకు ఈ పని నేర్చుకున్నప్పటినుంచీ ఉంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, మొన్న మా అక్క ఇంటికి వెళ్లేదాకా.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. షాపుకి తాళం వేసి, అన్నం తిని, గొడుగు పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. బావ కంప్యూటర్లో శబ్దం రావట్లేదని పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది.

బావ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చెయ్యడం ఆయన ఉద్యోగం. వంటింటి పక్కన సామాన్ల గది ఖాళీ చేసి, గోడలకి పాత పరుపులు కొట్టించి, కిటికీ మూయించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. మంచి గొంతు. కానీ ఇంట్లో దాన్ని ఖర్చుపెట్టేవాడు కాదు, ఉప్పు కావాలన్నా సైగే. "మీ బావది గొంతు కాదే, బ్యాంకు లాకరు" అనేది అక్క.

ఆ గదిలోనే, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాఠం చదువుతూ చదువుతూ గుండె ఆగి పోయాడు. నల్లటి హెడ్‌ఫోన్, తీగ లేనిది. ఎడమవైపు విరిగితే అక్కే పసుపు రంగు టేపు చుట్టింది. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఎవరో దాన్ని తీయబోతే అక్క ఆపేసింది. "అది లేకపోతే ఆయన ముఖం ఆయనది కానట్టుంది. ఉండనివ్వండి" అంది. దానితోనే ఊరి బయట శ్మశానంలో పూడ్చిపెట్టాం.

ఇక వాళ్ల కూతురు. ఆరేళ్లది. బావ దాన్ని పిచ్చుకా అని పిలిచేవాడు, అందరికీ ఆ పేరే అలవాటైపోయింది. నెల కిందట అది అన్నం తింటూ తింటూ అక్కని అడిగిందట, "అమ్మా, నాన్న గొంతు లావుగా ఉండేదా, సన్నగా ఉండేదా?" అని. అక్కకి ముద్ద దిగలేదు. బావ చదివిన పాఠాలు తెప్పించి వినిపిస్తే పిచ్చుక కాసేపు విని, "ఈయన సార్. నాన్న కాదు" అంటూ లేచి వెళ్లిపోయిందట.

దానికి కావలసింది కథ. మధ్యాహ్నాలు పాఠాలయ్యాక బావ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తనే అల్లిన పిచ్చుక కథ చెబుతూ రికార్డు చేశాడు. అది ఆ పాత కంప్యూటర్లో, ఒక పాత విండోస్ ప్రోగ్రాములో మాత్రమే ఉంది. ఆ ప్రోగ్రాము దాచిన ఫైళ్లని మరే ప్రోగ్రామూ తెరవలేదు. తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. డిస్కు పాడైపోతుంటే నేనే ఉన్నవన్నీ కొత్త డిస్కులోకి తీసి, వారం కిందట అందులో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చాను. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపించడానికి వైన్ అని ఒకటుంది, అదీ పెట్టాను.

"వైనా?" అంది అక్క అప్పుడు, నా వైపు అనుమానంగా చూస్తూ.

"తాగేది కాదే తల్లీ."

ప్రోగ్రాము తెరుచుకుంది. కథ కనబడుతోంది. శబ్దం మాత్రం లేదు.

స్టూడియో తలుపు వేయగానే వాన చప్పుడు కోసేసినట్టు ఆగిపోయింది. ఆ గదిలో ఎప్పుడూ అంతే, చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. పగలైనా రాత్రైనా ఒకటే బల్బు. తడిసిన పరుపుల ముక్కిన వాసన. దాని వెనక ఇంకేదో, కొత్తగా తవ్విన మట్టి వాసన లాంటిది. వానకి గోడ నెమ్మెక్కిందనుకున్నాను.

పిచ్చుక బావ స్టూలు మీద కూర్చుంది. అక్క తలుపుకి ఆనుకుని నిలబడింది. ఆ ఇద్దరి ముఖాలూ చూశాక, ఈరోజు కథ వినిపించకుండా వెళ్లకూడదనుకున్నాను.

ముందు స్పీకరు తీగ చూశాను. బాగానే ఉంది. ఏదో వీడియో పెట్టాను, శబ్దం వచ్చింది. అంటే కంప్యూటరు నోరు బాగానే ఉంది, ఈ ప్రోగ్రాముకే మాట పెగలట్లేదు. వైన్ సెట్టింగుల్లోకి వెళ్లి పరీక్ష బటన్ నొక్కాను. టింగుమనాలి. అనలేదు. కథ ప్లే చేశాను. తెర మీద శబ్దాన్ని చూపించే పచ్చ గీత పైకీ కిందకీ ఆడుతోంది, బావ మాట్లాడుతున్నాడు, గదిలో మాత్రం నిశ్శబ్దం.

"ఆడుతోంది కదా పిన్నీ, మరి వినబడదేం?" అంది పిచ్చుక.

"వస్తూనే ఉందమ్మా. ఎటో పోతోంది. ఎటు పోతోందో చూద్దాం."

ఏ ప్రోగ్రాము శబ్దం ఏ పరికరానికి వెళ్తోందో చూపించే కిటికీ ఒకటుంటుంది. తెరిచాను. వీడియో ఎదురుగా 'స్పీకర్లు' అని ఉంది. బావ ప్రోగ్రాము ఎదురుగా ఇంకో పేరుంది.

నా చెవులు. కనెక్ట్ అయి ఉంది. బ్యాటరీ సగం.

అది బావ తన హెడ్‌ఫోన్‌కి పెట్టుకున్న పేరు.

ముందు నవ్వొచ్చింది నాకు. పాత డిస్కు నుంచి ఏదో చెత్త వచ్చి ఉంటుందనుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. డిస్కు కొత్తది. లినక్స్ నేను వారం కిందట వేసింది. ఆ హెడ్‌ఫోన్ దాని మొహం కూడా చూసి ఉండదు. మొదటిసారి జత కలవాలంటే, హెడ్‌ఫోన్ మీద బటన్ ఉంటుంది... దాన్ని దీపం మినుకుమినుకుమనేదాకా వేలితో నొక్కి పట్టుకోవాలి.

ఎవరైనా.

పైగా అది అందే దూరం ఎంతని? ఈ గది దాటి వంటింటిదాకా. అంతే.

"ఏమైందే?" అంది అక్క.

"ఏం లేదు" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. నిజం చెప్పాలంటే అప్పుడే లేచి బయటికి వచ్చేయాలనిపించింది. కానీ పిచ్చుక రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టుకుని, బుద్ధిగా, స్పీకరు వైపే చూస్తోంది.

ప్రోగ్రాముని స్పీకర్లకి మార్చాను.

"...పిల్ల పిచ్చుక దారి తప్పిపోయింది. అప్పుడు నాన్న పిచ్చుక ఏమందో తెలుసా?"

బావ గొంతు. గది నిండా. అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుంది. పిచ్చుక కళ్లు పెద్దవయ్యాయి. "లావుగానే ఉంది" అంది మెల్లిగా.

శబ్దం ఆగిపోయింది. పచ్చ గీత ఆడుతూనే ఉంది. చూస్తే, మళ్లీ 'నా చెవులు'. మళ్లీ మార్చాను. రెండు మాటలు వచ్చాయి. మళ్లీ లాక్కుపోయింది. దాన్ని జాబితాలోంచే తీసేశాను. నేను చూస్తుండగానే తిరిగి వచ్చి కూర్చుంది.

ఎక్కడో ఎవరో... బటన్ నొక్కి పట్టుకున్నారు.

కథ ఆపేశాను. అప్పుడు కనబడింది, ఆ హెడ్‌ఫోన్‌కి మైకు కూడా ఉంది. దాని గీత ఇంతసేపూ కదలకుండా పడి ఉంది, కథ వింటున్నట్టు. కథ ఆపగానే కదిలింది. కొంచెం. మళ్లీ కొంచెం.

వద్దు అని నాకు తెలుసు. కానీ పనిలో పడ్డ చెయ్యి ఊరుకోదు. ఆ మైకుని స్పీకరుకి కలిపాను.

మొదట ఏమీ లేదు. దుప్పట్లో తల దూర్చినట్టు, మందంగా, బరువుగా... చప్పుడు లేకపోవడం కూడా వినబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత టక్. చెక్క మీద గోరుతో కొట్టినట్టు. టక్. టక్. ఊపిరి లేదు. ఊపిరి ఉంటే ఇంత భయం వేసేది కాదేమో.

"ఏంటే అది..." అంది అక్క గుసగుసగా.

స్టూలు మీంచి పిచ్చుక ముందుకి వంగింది. "నాన్నా?" అంది.

టక్ ఆగిపోయింది.

తర్వాత... చాలా దగ్గరగా... రాసుకుపోతున్న చప్పుడు. ఏదో పక్కకి తిరుగుతున్నట్టు. ఇటువైపుకి.

తెర మీద ఏదో చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. రెండే బటన్లు. అది తొలగితే తప్ప మైకు మూయలేను. అలవాటు కొద్దీ 'సరే' నొక్కేశాను.

నొక్కాక చదివాను. పెట్టె మాయమయ్యేలోపు కంట పడ్డ ముక్క ఇంతే: "'నా చెవులు' ఇకపై అడగకుండా ఎప్పుడైనా రావచ్చా?"

ఆ క్షణంలోనే జాబితాలోంచి ఆ పేరు పోయింది. మైకు లేదు, హెడ్‌ఫోన్ లేదు. స్పీకర్లు మాత్రమే మిగిలాయి. కథ పెట్టాను. ఒక్క మాట పోకుండా మొదటినుంచి చివరిదాకా వచ్చింది.

"నువ్వు ఎక్కడున్నావో అక్కడే ఉండు, అరుస్తూ ఉండు, అంది నాన్న పిచ్చుక. ఆ అరుపు పట్టుకుని నేనే వస్తాను అంది."

పిచ్చుక నవ్వింది. అక్క ఏడుస్తూ నవ్వింది. వాళ్ల సంతోషం ముందు నా భయం చెప్పుకోవడం పెళ్లిలో దగ్గినట్టుంటుందనిపించింది. ఆ చప్పుడేమిటని అక్క అడిగితే, పక్కింటివాళ్ల పరికరమేదో కలిసిందని అబద్ధం చెప్పాను. నమ్మాలనుకున్నవాళ్లని నమ్మించడం తేలిక.

కథ వస్తుండగా రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. "షాపులో శుభ్రం చేసి, నీ ఫోన్లో వినబడేలా చేసి, రేపు తెచ్చిస్తాను" అని చెప్పాను. కంప్యూటరు ఆపేశాను. తీగ గోడలోంచి పీకేశాను. తీగ లేని హెడ్‌ఫోన్లని కంప్యూటరుకి కలిపే బ్లూటూత్ ముక్క వేలెడంత ఉంటుంది, దాన్ని కూడా ఊడదీసి జేబులో వేసుకున్నాను. తలుపు తెరిస్తే వాన చప్పుడు ఒక్కసారిగా మీద పడింది. అంత హాయిగా వాన ఎప్పుడూ వినలేదు.

దీపాలు పెట్టే వేళకి అక్క ఫోను చేసింది. గొంతులో ఎన్నాళ్లనుంచో లేని కులాసా.

"పిచ్చుక పడుకుందే. రోజూ యుద్ధం చేస్తే గానీ కళ్లు మూయదు, ఈరోజు దానంతటదే వెళ్లి పడుకుంది. కథ వింటూ నిద్రపోయింది. నీ నోట్లో పంచదార పొయ్యాలి."

"ఏ కథ?" అన్నాను. "పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంది కదక్కా."

"అదేనే, బావ కథ. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటోంది. నువ్వే కదా స్టూలు మీద పెట్టి వెళ్లావు?"

నా చేతిలో బ్లూటూత్ ముక్క ఉంది. అది ఎప్పుడు జేబులోంచి తీశానో నాకే తెలియదు.

"అక్కా. నేనేమీ పెట్టలేదు."

"మరి ఎక్కడిది?" నవ్వుతూనే ఉంది ఇంకా. "నేను దగ్గరుండి చూడలేదులే. అది చెబితే నువ్విచ్చావనుకున్నా."

"నువ్విప్పుడు ఎక్కడున్నావు?"

"దాని పక్కనే. చీకటిగా ఉంది, లైటు వేస్తే లేస్తుందని..."

"ఆ హెడ్‌ఫోన్ ఎలా ఉందో తడిమి చూడు."

"ఎలా ఉంటుంది, మామూలుగానే... తడిగా ఉందే. వానలో ఏమైనా... చేతికి మట్టి..." ఆగింది. "ఎడమవైపు ఏదో బంకబంకగా..."



"టేపు" అంది అక్క. ఫోన్లో వినబడీ వినబడనంత మెల్లగా.

"తీసెయ్ అక్కా! దాని తల మీంచి తీసెయ్! ముందు తీసెయ్!"

మంచం కిర్రుమంది. ఒకసారి. రెండోసారి.

"రావట్లేదు" అంది అక్క. "లాగుతుంటే... అటునుంచి ఎవరో పట్టుకున్నట్టు..."

"నిద్రలో పిచ్చుక పట్టుకుని ఉంటుందక్కా. దాని వేళ్లు విడిపించు!"

దుప్పటి జరిపిన చప్పుడు.

"పిచ్చుక చేతులు రెండూ" అంది అక్క చివరికి, "నా చేతిలోనే ఉన్నాయే."