పుస్తకంలో లేని మాట

ఆదివారం పూజ నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ తెరేసమ్మ మనసు మనసులో లేదు. ఇల్లు మాత్రం మామూలుగానే ఉంది. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. భర్త శౌరయ్య బనీను మీద తువ్వాలు వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ నాటకం డైలాగులు గొణుక్కుంటున్నాడు. కానీ చర్చిలో గురువుగారు ఇచ్చే సత్ప్రసాదం కోసం అందరూ లేచి వరసలో వెళ్తే, కొడుకు బాలశౌరి ఒక్కడే తల వంచుకుని కూర్చుండిపోయాడు. పాపం చేసినవాడు అది గురువుగారి దగ్గర ఒప్పుకోకుండా సత్ప్రసాదం ముట్టకూడదని చిన్నప్పుడు వాడికి నేర్పింది తనే.

ఎందుకు వెళ్ళలేదని దారిలో అడిగింది. పొద్దున టీ తాగేశాను, ఉపవాసం చెడిందని చెప్పాడు. ఆ పొద్దున ఇంట్లో అసలు టీయే పెట్టలేదు.

ఇప్పుడంటే అన్నాలు తింటూ టీవీలో హత్యల సీరియళ్ళు చూస్తున్నాం గానీ, ఇది డెబ్భై నాలుగు నాటి సంగతి. అప్పట్లో బెజవాడలో హంతకుణ్ణి చూడాలంటే నాటకానికే వెళ్ళాలి. శౌరయ్య లోకోషెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగితే నాటకమే లోకం. ఈసారి పోటీలకి ఆయనది రిటైరైన హెడ్ కానిస్టేబులు వేషం. ఊళ్ళో జరిగిన హత్య ఎవరు చేశారా అని వెతికి వెతికి, చివరికి సొంత కొడుకే చేశాడని తెలుసుకుని, వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్టేషన్లో అప్పగిస్తాడు. ఆ సీనులో శౌరయ్య గొంతు మైకు లేకుండానే చివరి బల్ల దాకా వినపడేది. రిహార్సలు చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు.

ఇంట్లో ప్రాంప్టింగు తెరేసమ్మది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఏ వేషం కట్టినా, పుస్తకం పట్టుకుని మిగతా పాత్రల మాటలన్నీ అందించేది ఆవిడే. కూర తరుగుతూ హంతకుడి మాటలు చెప్పేది, బియ్యం ఏరుతూ డాక్టరు మాటలు చెప్పేది.

ఆ మాటలు గోడ అవతల నుంచి వింటూ బాలశౌరి నాలుగైదు రోజులుగా చచ్చి బతుకుతున్నాడు.

వాడు ఆటోనగర్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు. ఎవరిదో మోటారుసైకిలు రిపేరు చేసి, ట్రయలు చూస్తానని చెప్పి, ఓనరు గేటు దాటొద్దన్నా వినకుండా కంకిపాడు దాకా పోయాడు. తిరిగొస్తూ కాలవ గట్టు మీద మసక వెలుతురులో సైకిలు మీద గడ్డిమోపుతో వస్తున్న ముసలాయన్ని గుద్దేశాడు. దిగి దగ్గరికెళ్ళే ధైర్యం లేక అలాగే వచ్చేశాడు. ఆ వెనకే లారీలో వచ్చిన జక్కయ్య అనే డ్రైవరు బండి ఆపి, ముసలాయన్ని ఎత్తి లారీలో పడుకోబెట్టుకుని బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. గుద్దినవాడు నువ్వేనని కంకిపాడు పోలీసులు ఆ జక్కయ్యనే లోపల వేశారు.

జక్కయ్య లారీ రిపేరుకొచ్చేది కూడా వీడు పనిచేసే గ్యారేజీకే. శుక్రవారం అతని భార్య సుబ్బరత్నం అక్కడికి వచ్చి, మా ఆయన ఎవర్నీ గుద్దలేదు, మీరైనా వచ్చి చెప్పండని ఓనరు కాళ్ళ మీద పడింది. ఆ టయానికి బాలశౌరి ఒక లారీ కింద వెల్లకిలా పడుకుని గ్రీసు పెడుతున్నాడు. వాడికి ఆవిడ పాదాలు మాత్రం కనిపించాయి. చెప్పులు లేవు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా చాలాసేపు వాడు లారీ కింద నుంచి బయటికి రాలేదు.

ఉప్మా పళ్ళేల్లో పెడుతుండగా ఎవరో తలుపు కొట్టారు. కిటికీలోంచి ఖాకీ చొక్కా కనిపించింది. బాలశౌరి పళ్ళెం అక్కడే వదిలేసి దొడ్లోకి పరిగెత్తాడు. తీరా చూస్తే వచ్చినవాడు షెడ్డు ప్యూను. నాటకంలో కొడుకు వేషం వేసే వెంకటకృష్ణారావుకి టైఫాయిడ్ వచ్చిందని, ఇంకొకర్ని చూసుకోమని కబురు తెచ్చాడు. ప్యూను వెళ్ళిపోయాక తెరేసమ్మ దొడ్లోకి వెళ్ళి చూసింది. కొడుకు నీళ్ళతొట్టి వెనకాల గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏమైందిరా అంటే కడుపులో తిప్పుతోందన్నాడు. అది కూడా పొద్దుటి టీ లాంటి మాటేనని ఆవిడకి తెలిసిపోయింది.

శౌరయ్య ధ్యాసంతా నాటకం మీదే ఉంది. "ఒరేయ్ శౌరీ, ఇలా రా. వాడి మాటలు నువ్వు చదువు. నువ్వేం స్టేజీ ఎక్కక్కర్లేదు, నాకు టైమింగు కుదిరితే చాలు" అని పిలిచాడు. నాకు రాదు నాన్నా అన్నాడు వాడు. వాణ్ణి వదిలెయ్యండని తెరేసమ్మ కూడా చెప్పి చూసింది. ఆయన వినలేదు. పుస్తకం ఆవిడ చేతికిచ్చి, కొడుకుని గోడకి చేరగిలబెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

అంతే, మనిషి మారిపోయాడు. నడుం నిటారుగా అయింది. కళ్ళు చిన్నవయ్యాయి. ఆ సాయంత్రం ఎక్కడున్నావని అడిగాడు. తెరేసమ్మ అందించిన మాట బాలశౌరి తిరిగి అన్నాడు, ఇంట్లోనే ఉన్నానని. నా మొహంలోకి చూసి చెప్పమన్నాడు. వాడు చూడలేకపోయాడు.

శౌరయ్య వేషంలోంచి బయటికొచ్చి విసుక్కున్నాడు. "గొంతు బాగానే ఉందిరా. ఫీలింగే లేదు. తప్పు చేసినవాడికి లోపల ఎంత భయం ఉంటుంది? అది బయటికి రావాలి. మళ్ళీ."

మళ్ళీ చదివించాడు. మళ్ళీ ఆపాడు. ఆ తర్వాత కొడుకు రెండు భుజాలూ పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు. "నాకు తెలుసురా. నీ నోటితో నువ్వే చెప్తావని చూస్తున్నా. చెప్పు."

నిజంగానే నాన్నకి తెలుసనుకున్నాడు బాలశౌరి.

"కావాలని చెయ్యలేదు నాన్నా" అన్నాడు. "గడ్డిమోపు అడ్డమొచ్చి మనిషి కనపళ్ళేదు. పడిపోయాక బండి ఆపి వెనక్కి చూశాను. చెయ్యి కదిలింది. నన్నే పిలుస్తున్నాడనిపించింది. దగ్గరికి పోలేదు నాన్నా. వచ్చేశాను. ఇప్పుడు నా బదులు ఆ జక్కయ్య లోపలున్నాడు."

శౌరయ్య చేతులు రెండూ చరిచాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. "అదిరా యాక్టింగంటే. వెంకటకృష్ణారావు జన్మలో చెప్పలేడు ఇలా. చూశావుటే తెరేసా? వీడు నా రక్తమే."

తెరేసమ్మ పుస్తకంలోకి చూస్తోంది. పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఏవండీ" అంది. "ఇది పుస్తకంలో లేదండీ."

శౌరయ్య ఆవిడ వైపు చూశాడు. తర్వాత కొడుకు వైపు చూశాడు. వాడు గోడ పట్టుకుని కిందికి జారిపోతున్నాడు. చేతులు ఇంకా చప్పట్లు కొట్టినట్టే ఉన్నాయి ఆయనకి.

ముందు వెళ్ళి తలుపు వేశాడు. కిటికీ రెక్కలు కూడా వేశాడు. ఎవరెవరికి తెలుసు, బండి నంబరు ఎవరైనా చూశారా అని గుసగుసగా అడిగాడు. ఎవరికీ తెలీదన్నాడు వాడు. అయితే మధ్యాహ్నం బస్సుకే మంగళగిరి వెళ్ళి మేనమామ ఇంట్లో ఉండు, ఈ గొడవ సద్దుమణిగాక నేనే వచ్చి తీసుకొస్తా, ఈలోగా ఎవరికీ ఉత్తరం ముక్క కూడా రాయకు అని చెప్పాడు. మైకు అక్కర్లేని ఆ గొంతు పక్కనున్న మనిషికే సరిగా వినపడడం లేదు.

"మరి జక్కయ్య, నాన్నా?"

"వాడు చెయ్యలేదుగా, వదిలేస్తార్లే."

ఆ మాట అనేసి శౌరయ్య భార్య మొహం చూడలేకపోయాడు. తెరేసమ్మ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"స్టేషనుకి నేను తీసుకెళ్తానండీ వీణ్ణి. మీరు రిహార్సలుకి వెళ్ళండి."

ఆవిడ కోపంగా అనలేదు. ఎప్పుడూ మాట అందించినట్టే అందించింది. శౌరయ్య కుర్చీలో కూలబడిపోయాడు.

"నాకు భయమేస్తోందే" అన్నాడు. "ఆ నాటకంలో వాడు ఎవరి కొడుకో. అందుకే అంత గట్టిగా అరిచాను. వీణ్ణి కొడతారేమోనే స్టేషన్లో."

"నాకు భయం లేదా? ఆ జక్కయ్యకీ ఓ పెళ్ళాం ఉంటుందిగా, ఆవిడకి మాత్రం భయం ఉండదా?"

బాలశౌరి ఏడుపు ఆపుకోలేక తల్లి భుజం మీద తల పెట్టాడు. శౌరయ్య లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకదాని బదులు ఇంకోదానికి పెట్టుకుంటుంటే తెరేసమ్మే సరిచేసింది. ముగ్గురూ కంకిపాడు బస్సెక్కారు. కాలవ గట్టు మీద ఆ చోటు వచ్చినప్పుడు బాలశౌరి కళ్ళు మూసుకున్నాడు.

స్టేషన్లో నిజం హెడ్ కానిస్టేబులు, ఏం కావాలని అడిగాడు. బాలశౌరే ముందుకొచ్చి అంతా చెప్పాడు. చెప్పినంతసేపూ తండ్రి వాడి చొక్కా వెనకభాగం గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు. వాణ్ణి లోపలికి పిలిచినప్పుడు ఆ గుప్పిలి తెరవడానికి తెరేసమ్మ సాయం కావాల్సివచ్చింది.

సాయంత్రానికి జక్కయ్యని వదిలారు. పెరిగిన గడ్డంతో, నలిగిన చొక్కాతో బయటికొచ్చాడు. శౌరయ్య ఎదురెళ్ళి, నా కొడుకేనండి, క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదన్నాడు. తిడతాడనుకున్నాడు, కొడతాడని కూడా అనుకున్నాడు.

జక్కయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఆ ముసలాయనకి ఎలా ఉందండి? చూశారా?"

భార్యాభర్తలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పొద్దుట్నుంచీ కొడుకుని తలుచుకుని భయపడ్డారు, పోలీసుల్ని తలుచుకుని భయపడ్డారు. గట్టు మీద పడ్డ మనిషి ఎలా ఉన్నాడని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. తెరేసమ్మ అక్కడే స్టేషను మెట్ల మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అటునుంచి అటే బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళారు. ముసలాయన పేరు పుల్లయ్య. తలకి కట్టు, కాలికి పిండికట్టు ఉన్నాయి. నిన్ననే తెలివొచ్చిందట. మంచం పక్కన కూర్చున్న ఆయన భార్య, మీరెవరని అడిగింది. గుద్దింది మావాడేనని, ఇప్పుడు స్టేషన్లో ఉన్నాడని శౌరయ్య చెప్పాడు. ఆవిడ ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అని ఏడ్చింది, తిట్టింది. తిట్టినంతసేపూ ఇద్దరూ తల వంచుకుని నిలబడ్డారు. అలిసిపోయాక ఆవిడే కాస్త పక్కకి జరిగింది. తెరేసమ్మ ఆ పక్కన కూర్చుని విసనకర్ర అందుకుంది.

శౌరయ్య ఒక్కడే తిరిగి స్టేషనుకొచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ని బతిమాలుకుని కటకటాల దాకా వెళ్ళాడు.

"బతికాడురా. మాట్లాడుతున్నాడు. మీ అమ్మ ఆయన దగ్గరే ఉంది."

బాలశౌరి ఊచలకి నుదురు ఆనించి బావురుమన్నాడు. శౌరయ్య లోపలికి చెయ్యి పెట్టి వాడి తల నిమిరాడు. పొద్దున నిన్ను మంగళగిరి పొమ్మన్నానురా, అది మనసులో పెట్టుకోకు అన్నాడు. లేదన్నట్టు వాడు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఇక వెళ్ళమని కానిస్టేబులు అరిచాడు.

"మళ్ళీ వస్తావా నాన్నా?"

"నేను వెళ్తేగా, మళ్ళీ రావడానికి" అన్నాడు శౌరయ్య. బయటికొచ్చి, కొడుక్కి కనపడేచోట అరుగు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.