చావాల్సిన సాక్షి

మంచం ఖాళీ!

దుప్పటి నేల మీద పడి ఉంది. స్టాండుకి తగిలించిన గ్లూకోజు సీసా ఇంకా ఊగుతోంది...

కోదండరాం పరుపు మీద చెయ్యి వేస్తాడు.

వెచ్చగా ఉంది.

"ఇప్పుడే తీసుకుపోయారు!"

ఇన్‌స్పెక్టర్ సుందర్‌రాజ్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. బూట్ల చప్పుడు. వెనకాలే కోదండరాం పరుగు. ఒంటి మీద నల్లకోటు, మెడకి తెల్ల పట్టీలు. కోర్టు నుంచి ఇంటికి వెళ్ళలేదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి కోసం ఇంట్లో ఎదురు చూసేవాళ్ళు లేరు. భార్య జయంతి పోయాక ఆ ఇంటికి తాళం కూడా సరిగ్గా వెయ్యడం లేదు.

వార్డు ముందు కాపలా కానిస్టేబుల్ కుర్చీ. అదీ ఖాళీ.

వెనక గేటు దగ్గర వాచ్‌మన్ అరుముగం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. సుందర్‌రాజ్ వాడి చొక్కా పట్టుకుని ముందుకు లాగుతాడు.

"యాడికి పోయినార్రా?"

"ఐస్ లారీ సార్! నలుగురు మోసుకొచ్చి ఎక్కించినారు... నేనేం చేసేది సార్?"

"ఆపలేకపోయావా?"

"పెండ్లామే తీసుకుపోతా ఉంటే నేనెట్ల ఆపేది? ఆరోగ్యమేరి సార్... ఆమే ముందు ఎక్కింది."

కోదండరాం ఒక్క క్షణం ఆగిపోతాడు.

పెళ్ళామే!

"సార్, ఎక్కండి!"

జీపు గర్జిస్తుంది. ట్రాము పట్టాల మీద ఎగిరి పడుతుంది. దీపాలు వెలిగించిన దుకాణాలు, సైకిళ్ళు, రిక్షాలు... అన్నీ పక్కకి జరుగుతున్నాయి. ఎవడో తమిళంలో బూతులు తిడుతున్నాడు.

జీపులో ఇద్దరే. సుందర్‌రాజ్ స్టేషన్‌కి కబురు పంపలేదు. పంపితే వీళ్ళకంటే ముందు దామోదరానికి అందుతుంది.

దామోదరం!

మద్యనిషేధం వచ్చినప్పటి నుంచీ ఎన్నూరు ఉప్పుటేటి గట్ల మీద సారా కాచి పట్నమంతా పోస్తున్నవాడు. పోలీసులు తాగుతారు. పోలీసులకి పట్టించేవాళ్ళూ తాగుతారు. అందుకే వాడు చల్లగా ఉన్నాడు.

నాగప్పన్ వాడి పడవ మనిషి. ఒకరోజు తెడ్డు పారేసి, ఇంక మొయ్యనన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. సారా కాచే చోటు పోలీసులకి చూపించాడు.

రాయపురం చేపల సంత వెనక కడుపులో కత్తి దిగింది.

ఆ రాత్రి దాటడన్నాడు డాక్టరు. మేజిస్ట్రేటు పరుగున వచ్చాడు. నాగప్పన్ మాట్లాడాడు. పొడిచింది దామోదరమే అన్నాడు. రాసుకున్నారు. వేలిముద్ర వేయించుకున్నారు. అందరూ వాడి చావు కోసం కూర్చున్నారు.

వాడు చావలేదు!

మనిషి చావలేదు కాబట్టి అది హత్య కాదు. హత్య కాదు కాబట్టి ఈ పొద్దున దామోదరానికి బెయిలు. కోదండరాం గొంతు చించుకుని వ్యతిరేకించాడు. జడ్జి కళ్ళజోడు తుడుచుకుంటూ ఇచ్చేశాడు.

ఈ ఊళ్ళో పేదవాడికి చావు కూడా సమయానికి రాదు.

"నాకొకటి అర్థం కాలేదు సార్!" ఇంజను చప్పుడు మీద సుందర్‌రాజ్ అరుస్తున్నాడు. "సాక్షిని చంపాలంటే మంచం మీదే చంపేయొచ్చు. దిండు పెట్టి నొక్కితే సరి. మోసుకుపోవడమెందుకు?"

"చంపడానికి కాదయ్యా!"

"మరి?"

"బతికించడానికి!"

జీపు ఒక ఎద్దుబండిని గీసుకుంటూ పోతుంది.

"మేజిస్ట్రేటు రాసుకున్నది మరణ వాంగ్మూలం. చెప్పినవాడు చచ్చిపోతే ఆ మాటే సాక్ష్యం. వాణ్ణి బోనెక్కించి, గుచ్చిగుచ్చి అడిగే వీలు ఎవడికీ లేదు. బతికాడా... అది చిత్తుకాగితం. నాగప్పనే కోర్టుకొచ్చి చెప్పాలి. దామోదరం పోసిన గంజి తాగి, దామోదరం నేర్పిన మాట చెప్తాడు!"

సుందర్‌రాజ్ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"అంటే... వాడు పోతే మనం గెలుస్తామా సార్?"

"పోతే దామోదరం మెడకి ఉరితాడు."

 సుందర్‌రాజ్ కాలు యాక్సిలరేటర్ మీద ఇంకొంచెం కిందికి దిగుతుంది.

పోయినేడు అతని హెడ్ కానిస్టేబుల్ చిన్నప్ప ఆ ఉప్పుటేట్లోనే శవమై తేలాడు. చేతులు వలతాడుతో కట్టేసి ఉన్నాయి. కేసు నడిపింది కోదండరామే. జ్యూరీ పెద్దమనుషులు లోపలికి వెళ్ళి, తాంబూలం నమిలినంత సేపట్లో బయటికి వచ్చారు. నిర్దోషి! దామోదరం వాళ్ళకి దండం పెట్టాడు. ఆ రోజు నుంచి సుందర్‌రాజ్ కోదండరాం ముఖంలోకి చూసి మాట్లాడలేదు. ఈ సాయంత్రం వరకూ.

"అదిగో లారీ!"

ముందు ఎర్రదీపం. రైల్వే గేటు దిగుతోంది. లారీ గేటు కిందనుంచి దూరిపోతుంది!

బ్రేకు!

కోదండరాం నుదురు అద్దానికి కొట్టుకుంటుంది. గూడ్సు బండి... పెట్టె తర్వాత పెట్టె... ఎంతకీ తరగడం లేదు. సుందర్‌రాజ్ పిడికిలితో స్టీరింగును గుద్దుతున్నాడు.

గేటు లేచేసరికి రోడ్డు మీద లారీ లేదు.

తిరువొత్తియూరు దాటాక రోడ్డు రెండుగా చీలింది. ఎడమకి మనలి. కుడికి ఎన్నూరు. సుందర్‌రాజ్ జీపు ఆపుతాడు.

"ఏ పక్క సార్?"

కోదండరాం దిగుతాడు. హెడ్‌లైటు వెలుగులో వంగి చూస్తాడు. ఎండిన రోడ్డు మీద సన్నటి తడిగీత... కరిగిన ఐసు కారుతూ పోయింది!

గీత కుడికి తిరిగింది.

"ఎన్నూరు!"

*

సరుగుడు తోపులో జీపు ఆగింది. లైట్లు ఆర్పేశారు. ఇసకలో పరుగు. తోపు దాటగానే ఉప్పుమడులు తెల్లగా కనబడుతున్నాయి. అవతల ఒక గుడిసె. లోపల లాంతరు.

చెట్టు చాటునుంచి ఎవడో లేస్తాడు. చేతిలో వేటకత్తి!

"ఎవుర్రా అది?"

సుందర్‌రాజ్ ముందుకు ఉరుకుతాడు. రివాల్వర్ పిడితో కణత మీద ఒక్కటి. వాడు సంచిలా కూలిపోతాడు.

గుడిసె గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. మెడలో నల్లదారానికి సిలువ. చేతిలో వేడినీళ్ళ గిన్నె.

ఆరోగ్యమేరి.

"రావద్దు సార్. మీకు దండం పెడతా."

"నీ మొగుణ్ణి ఎవరి చేతిలో పెట్టావో తెలుసా?" కోదండరాం రొప్పుతున్నాడు. "పొడిచినవాడి చేతిలో!"

"తెలుసు సార్. ఆడ ఆస్పత్రిలో చీము పట్టి కంపు కొడతా ఉంటే ఎవురూ చూళ్ళా. మూడు రాత్రులుగా దామోదరం మనుషులే దొంగగా దొరల డాక్టర్ని ఆడికి పంపినారు. పెన్సిలిన్ సూదేసినాడు. జ్వరం దిగింది. ఈ పొద్దున నా మొగుడు కళ్ళు తెరిచి, ఏం మేరీ, కొప్పు ఊడిపోయిందే అని ఎగతాళి చేసినాడు సార్!"

ఆమె గుమ్మానికి అడ్డంగా జరుగుతుంది.

"మీకు చచ్చిన మనిషి కావాల. నాకు మొగుడు కావాల. పొండి సార్."

కోదండరాం కాళ్ళు గుమ్మం ముందే ఆగాయి.  జయంతి పోయింది ఆ ఆస్పత్రిలోనే. ఆమెను ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆమె బతుకు ఎవరికీ అవసరం లేకపోయింది.

సుందర్‌రాజ్ ఆమెను భుజంతో తోసేసి లోపలికి దూకుతాడు.

"వాంగ సార్, వాంగ! రండి!"

దామోదరం! చాప మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. లేవడు కూడా. తెల్ల పంచె, తెల్ల చొక్కా. నుదుటిమీద విభూతి.

"ప్రాసిక్యూటర్ గారు కూడానా? పొద్దున కోర్టులో అంత అరిచినారే, గొంతు నొప్పి లేదా సార్? ఒక తొన తీసుకోండి."

"చేతులు పైకెత్తరా!"

"ఎందుకప్పా కోపం? బెయిలు మీద ఉండా. జబ్బు మనిషికి పండు పెడతా ఉండా. ఇదేమన్నా నేరమా? చెప్పండి సార్, చట్టం మీకే కదా తెలిసేది."

మంచం మీద నాగప్పన్. కడుపు చుట్టూ తెల్లటి కట్టు. ముఖంలో రక్తం లేదు. కానీ కళ్ళల్లో వెలుగు ఉంది. పెదాలు నవ్వడానికి ప్రయత్నిస్తున్నాయి.

"చూసినారా సార్... పొడిచిందీ ఈయనే. పళ్ళు పెట్టేదీ ఈయనే."

"ఒరే, నోరు!" అంటాడు దామోదరం ముద్దుగా.

కోదండరాం మంచం దగ్గరికి వెళతాడు. వంగుతాడు.

"నాగప్పన్, నా మాట విను. నిన్ను ఇప్పుడే తీసుకుపోతాం. కాపలా పెడతాను. కోర్టులో ఒక్క మాట చెప్పు. ఎవరు పొడిచారో... ఆ ఒక్క మాట!"

నాగప్పన్ దామోదరం వైపు చూస్తాడు. తర్వాత పెళ్ళాం వైపు. చాలా సేపు ఆమె వైపే.

"చిన్నప్ప ఏట్లో తేలినప్పుడు ఆయన్ని నా పడవలోనే ఒడ్డుకి తెచ్చినా సార్. పోలీసాయన. ఆయనకే కాపలా లేకపోయె. నాకెవురు ఉంటారు?"

"నేనుంటాను!"

"మీరు సాయంత్రం ఇంటికి పోతారు సార్."



"చీకట్లో ఎవురో పొడిచినారు. మొఖం చూళ్ళేదు. కోర్టులో ఇదే చెప్తా. నాకు బతకాలని ఉంది సార్."

ఆరోగ్యమేరి కళ్ళు మూసుకుని సిలువని ముద్దు పెట్టుకుంటుంది.

దామోదరం తొన నోట్లో వేసుకుంటాడు.

ఢాం!

లాంతరు వెలుగు కదిలిపోతుంది. చెవులు గింగురుమంటున్నాయి. కోదండరాం కోటు మీద వెచ్చగా ఏదో చిమ్మింది...

నాగప్పన్ ఛాతీలో నల్లటి చిల్లు. అందులోంచి ఎర్రగా పొంగుతోంది.

సుందర్‌రాజ్ చేతిలో రివాల్వర్. గొట్టం నుంచి పొగ!

"ఏం చేశావయ్యా!"

"చచ్చిపోయినాడు సార్." సుందర్‌రాజ్ రివాల్వర్ కిందికి దించుతాడు.  "ఇప్పుడు మీ కాగితం చెల్లుతుంది."

ఆరోగ్యమేరి కేక!

గుడిసె మొత్తం ఆ కేకే. ఆమె మొగుడి మీద పడిపోతుంది. ఆ చిల్లుని రెండు చేతులతో మూస్తోంది. వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

"చెల్లదు," అంటాడు కోదండరాం.

"ఏంది సార్?"

"చెల్లదురా మూర్ఖుడా! చచ్చేవాడు తన చావుకి కారణం చెప్తేనే ఆ మాట చెల్లుతుంది. వీడు చెప్పింది కత్తి గురించి. వీడు చచ్చింది నీ గుండుకి!"

సుందర్‌రాజ్ తన చేతిలోని రివాల్వర్ కేసి చూస్తాడు. 

"మీరు... మీరు నాకది చెప్పలేదే?"

ముందుగా అర్థమైంది దామోదరానికి. వాడు ఎన్ని కోర్టులు చూశాడు! మెల్లగా లేస్తాడు. పంచె దులుపుకుంటాడు. నవ్వు మొదలవుతుంది. చిన్నగా... తర్వాత పెద్దగా...

"అయితే ఆ కాగితం పాయె! పొడిచినారని చెప్పేదానికి మనిషీ పాయె! ఎంత మేలు చేసినావు ఇన్‌స్పెక్టరూ!"

కోదండరాం వైపు తిరిగి చేతులు జోడిస్తాడు.

"ఇప్పుడు కొత్త కేసు కదా సార్? చంపింది పోలీసు. చూసిందెవురు? ఈ అమ్మ... మొగుడు పోయిన దుఃఖంలో ఏదో అంటోందని లాయర్లు అంటారు. మీరు... ప్రాసిక్యూటరే సాక్షైతే కేసు ఎవురు నడిపేది? ఇంక మిగిలింది నేనే! రాసుకోండి సార్. దామోదరం, మీ సాక్షి నంబర్ వన్. నా కళ్ళతో నేను చూసినా!"

రివాల్వర్ తిరుగుతుంది.

దామోదరం ఛాతీ వైపు!

నవ్వు ఆగిపోతుంది.

"సార్, పక్కకి జరగండి." సుందర్‌రాజ్ కళ్ళల్లో నీళ్ళు. "నాగప్పన్‌ని కాల్చింది వీడు. వీణ్ణి కాల్చింది నేను... అని రాసుకుందాం. ఆయమ్మకి నేను చెప్పుకుంటా. చిన్నప్పకీ న్యాయం జరుగుతుంది, నాగప్పన్‌కీ జరుగుతుంది. మీరు ఒక్క అడుగు జరగండి సార్... ఒక్కటే!"

ఒక్క అడుగు.

జరిగితే చాలు. జ్యూరీ ఉండదు. బెయిలు ఉండదు. కళ్ళజోడు తుడుచుకునే జడ్జి ఉండడు. ఏళ్ళ తరబడి కోదండరాం అడిగిన శిక్ష ఈ గుడిసెలో, ఇప్పుడే... ఎవరూ తప్పు పట్టరు. రేపు పేపర్లలో సుందర్‌రాజ్ ఫోటో వేస్తారు.

కాలు కదులుతుంది...

"అట్నే చెయ్యండి సార్."

ఆరోగ్యమేరి! తల ఎత్తింది. ముఖం నిండా మొగుడి రక్తం.

"అందురూ కలిసి అట్నే రాసుకోండి. నా మొగుణ్ణి ఎవురు చంపినారో కోర్టులో ఎవురూ చెప్పే పన్లేదు. ఎవురికీ అక్కర్లేదు కదా."

కోదండరాం కాలు ఆగుతుంది.

దామోదరం వెనక్కి వెనక్కి జరిగి గోడకి తగిలాడు. విభూతి మీద చెమట. ఆ ముఖం ఉరికంబం మీద ఊగడం చూడాలని ఎన్ని రాత్రులు అనుకున్నాడు! ఇప్పటికీ అనుకుంటున్నాడు. ఆ అసహ్యం ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

కోదండరాం అడుగు వేస్తాడు.

పక్కకి కాదు.

గొట్టానికీ దామోదరానికీ మధ్యకి!

"సార్!" సుందర్‌రాజ్ అరుస్తాడు. "వాడు చిన్నప్పని చంపినాడు సార్! జరగండి!"

"తెలుసు. నాగప్పన్‌ని ఎవరు చంపారో చెప్పడానికి వీడు బతకాలి."

వెనకనుంచి దామోదరం వేళ్ళు నల్లకోటుని పట్టుకున్నాయి.  సారా, బత్తాయి కలిసిన ఊపిరి మెడ మీద తగులుతోంది.  అయినా కోదండరాం కదలడు.

"జరగండి!"

"వీడు నా సాక్షి!"

ఢాం!