ముగ్గురి ఫొటో

పొద్దున్నే జానమ్మ మంచం దిగి గడపలో కూర్చుంది. మందు వేసుకోనంటుంది, గంజి తాగనంటుంది. “నన్ను జర చేన్లెంబడి తిప్పుకొని రాండ్రి. తిప్పితేనే మందేసుకుంట. కెమెరా గూడ తెమ్మను” అంది. చెప్పాల్సింది కోడలు స్వర్ణకే అయినా, చెప్పింది మాత్రం మనవరాలు సహస్రకు. ఆ ఇంట్లో అత్త మాట కోడలికి చేరే దారి అదొక్కటే! కొడుకు మల్లేశ్ పోయిన నాటి నుంచీ ఆమె కోడలి మొహం చూసి మాట్లాడింది లేదు. స్వర్ణ వండిపెడితే తినేది, నీళ్లు పోస్తే పోసుకునేది, దవాఖానకు తీసుకుపోతే పోయేది. మాట మాత్రం లేదు. నల్లగొండలో డాక్టరు “ఇంటికి తీసుకుపోండి, అడిగింది పెట్టండి” అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆడదానికి ఇంకొకరు విడమర్చి చెప్పాలా! ఈ ముసలామె పోయేలోగా ఒక్క మాట... ‘నా కొడుకు నీ వల్ల పోలేదు’ అన్న ఒక్క మాట అంటే చాలునని స్వర్ణ మొక్కని దేవుడు లేడు.

కెమెరా మల్లేశ్‌ది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఫొటోలు తీసేవాడు. ఊరందరి ఫొటోలూ తీసినవాడికి తనదంటూ ఒక మంచి ఫొటో లేదు. కొన్నేళ్ల కింద ఒకసారి అందరూ కలిసి పానగల్ దాకా వెళ్లినప్పుడు చెరువు కట్ట మీద తల్లినీ బిడ్డనూ నిలబెట్టి ఫొటో తీయబోయాడు. “ఎంతసేపు మందివి తీసుడేనా బిడ్డా, రా, నడిమిట్ల నిలవడు” అని పిలిచింది జానమ్మే. ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదనీ, దిగితే మధ్యలోవాళ్లకు గండమనీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంతోషంలో ఎవరికీ గుర్తు రాలేదు. మల్లేశ్ కెమెరా భార్య చేతికిచ్చి మధ్యలో నిలబడ్డాడు. స్వర్ణ నొక్కింది. ఆ తర్వాత కొన్నాళ్లకే హైవే మీద లారీ గుద్ది మల్లేశ్ పోయాడు!

పదకొండో రోజు చుట్టాలందరి ముందూ జానమ్మ రొమ్ము బాదుకుంటూ అరిచింది. “నా కొడుకును నడిమిట్ల నిలవెట్టి పొట్టన వెట్టుకున్నవు గదనే...” స్వర్ణ తల వంచుకుంది. పిలిచింది నువ్వే కదా అత్తమ్మా అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. కడుపు కాలిన తల్లి మీద ఆ మాట కూడా వేస్తే ఆమె బతుకుతుందా? పుట్టింటివాళ్లు రమ్మన్నా పోలేదు. గోడ మీద దండ వేసిన ఫొటో కూడా అందులోంచి కోయించిందే. ఎంత కోసినా మల్లేశ్ భుజం మీద తల్లి చెయ్యి మాత్రం పోలేదు. ఆ చెయ్యిని రోజూ ఇద్దరూ చూసేవారు.

నకిరేకల్‌లో కారు నడిపే స్వర్ణ తమ్ముడు నవీన్ బండి తెచ్చాడు. కేతేపల్లి దాటాక జానమ్మ అద్దం దింపమంది. పత్తి ఏరడం అయిపోయి చేలన్నీ ఎండిన కట్టెలతో నిలబడి ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. “గీ చెల్కలనే మీ తాతా నేను గొర్ల మంద వెట్టినం” అని మనవరాలికి చూపించింది. “మీ నాయిన గొర్రెపిల్లల నడుమ పండేటోడు. ఏది పిల్లో, ఏది పిలగాడో ఎరుకయ్యేది కాదు.” సహస్ర నవ్వింది. ముసలామె నవ్వబోయి దగ్గులో పడింది. స్వర్ణ నీళ్ల సీసా అందిస్తే అటు చూడకుండానే అందుకుని తాగింది. బత్తాయి తోటలు దాటాయి. పానగల్ చెరువు కట్ట కనిపించేసరికి, “గాడ ఆపు” అంది.

స్వర్ణ తలెత్తి చూసింది. సరిగ్గా అక్కడే! జానమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని దిగి, నవీన్‌ను కెమెరా తీయమంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. ఈసారి మాట సహస్రకు చెప్పలేదు.

“నా పక్కకు రా.”

“ముగ్గురైతరు అత్తమ్మా” అన్నాడు నవీన్ కంగారుగా. “ఆగుండ్రి, ఎవలికన్న కెమెరా ఇచ్చి నేను గూడ నిలవడత. నలుగురమైతం.”

“వద్దు. ముగ్గురమే.”

“నాతోని కాదు...” స్వర్ణ వెనక్కి జరిగింది. “ఇంకో పానం నా మీదికి తేకు అత్తమ్మా, నీకు దండం వెడత.”

జానమ్మ ఆయాసం తీర్చుకుంది. “వాణ్ని నడిమిట్లకు పిల్సింది నేను. గది నీకెరుకే. ఎన్నడన్న అంటవని సూసిన. అంటె నీతోని కొట్లాడి కడుపునిండ ఏడ్సేదాన్ని. నువ్వు అనకపోతివి. అనకపోతివని గూడ నీమీదనే కోపమొచ్చింది నాకు.”

“ఏమని అనాలె... నీకున్నది గా ఒక్క కొడుకే గద.”

జానమ్మ కోడలి చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. అన్నేళ్ల తర్వాత ఆ చెయ్యి తగిలింది. ఎముకలే ఉన్నాయి. “నడిమిట్లున్నోళ్లే ముందుగాల పోతరంటరు. పోయేదాన్ని నేనున్నంక మీకెందుకు ఫికర్? ఇటు నువ్వుండు, అటు పోరి ఉంటది. ఏదొచ్చినా నా మీదికే రానియ్యి బిడ్డా.”

స్వర్ణ ఆమె భుజం మీద వాలిపోయి ఏడ్చింది. అటు గుండె చల్లబడుతోంది, ఇటు తరుక్కుపోతోంది... ఆ మాట కోసం ఇన్నేళ్లు ఎదురుచూసింది, ఇప్పుడు వినకుండా ఉంటేనే బాగుండుననిపించింది. నవీన్ కళ్లు తుడుచుకుని కెమెరా నొక్కాడు.

“ఇంకోటి తియ్యి” అంది జానమ్మ. “కోడలు ఏడ్వకుంట ఉన్నది ఒకటి రావాలె.”

నవీన్ పొద్దు నెత్తిమీదికి వచ్చేదాకా తీస్తూనే ఉన్నాడు. స్వర్ణ ఏడవని ఫొటో ఒక్కటీ రాలేదు.