ఆదిశేషమ్మ ఆకలి

దగ్గరికి జరగండి తల్లీ. గుమ్మంలో కూర్చున్నోళ్ళు కూడా లోపలికి రండి. పెంచలకోన నరసింహస్వామిని ఒక్కసారి మనసులో తలుచుకొని వినండి. మధ్యలో మాత్రం ఎవురూ లేవబాకండి.

ఉదయగిరిలో మురళీకృష్ణకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఆరేళ్ళ కూతురు శ్రీవిద్య. ఆ బిడ్డకు ఎందుకో అన్నం సయించడం మానేసింది. ముద్ద నోట్లో పెడితే కక్కేసేది. నెల్లూరు డాక్టర్లు కూడా చేతులెత్తేశారు. "బిడ్డ అన్నం తింటే చాలు స్వామీ, చెప్పుల్లేకుండా కోనకు నడిచొస్తా" అని మొక్కుకొని, స్నేహితుడు సురేంద్రబాబును తోడు తీసుకొని వైశాఖపు ఎండల్లో బయలుదేరాడు.

వింజమూరు దాటేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

"అరికాళ్ళా, నూనెలోంచి తీసిన పూరీలా రా ఇయ్యి?" అన్నాడు సురేంద్ర.

"నవ్వబాకురా. ఇంక అడుగు పడదు."

ఆత్మకూరు దోవలో, నిమ్మతోట పక్కన ఒంటరి పెంకుటిల్లు. గడపలో నీళ్ళచెంబు పట్టుకొని ఒక పెద్దామె నిలబడి ఉంది. వీళ్ళ కోసమే చూస్తున్నట్టుంది.

"రండి స్వామీ. ఈ పొద్దు ఇక్కడే ఆగండి. ఆ కాళ్ళతో ఏం నడుస్తారు?"

కాళ్ళు కడిగింది. బొబ్బలకు పసుపు కలిపిన ఆముదం రాసింది. ఆమె వేళ్ళు బావి అడుగు రాళ్ళలా చల్లగా ఉన్నాయి. కాలిన పాదాలకు అదే హాయిగా తోచింది మురళికి. విస్తళ్ళు వేసి పొగలు కక్కే అన్నం, గోంగూర పప్పు కొసరి కొసరి వడ్డించింది. వడ్డించినంతసేపూ వాళ్ళ నోళ్ళనే చూసింది. వాళ్ళు నమిలినప్పుడల్లా ఆమె దవడ కూడా కదిలింది...

నడిచే భక్తుడంటే సాక్షాత్తూ స్వామే గదా అనుకొని, ఇద్దరూ ఆ సేవంతా దర్జాగా అందుకున్నారు.

తిని పడుకున్నారు. నిద్రలో కూడా ఒకటే వాసన. ఉడుకుతున్న అన్నం, దాని కింద తడిసిన బూడిద. నీళ్ళకని వంటింట్లోకి పోయిన మురళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. లోపల సాలెగూడు. గ్యాస్ మీద వండిందేమోలే అనుకున్నాడు. గ్యాస్ కనబడలేదు. వెతకనూ లేదు.

ఎండ దిగాక బయలుదేరారు. బొబ్బలు అణిగిపోయాయి. మర్యాదకు అన్నాడు మురళి: "ఉదయగిరి వస్తే మా ఇంటికి రామ్మా, ఇంత తిని పోదువు. బజార్లో పప్పులకొట్టు మురళీ అంటే ఎవురైనా చెబుతారు."

ఆమె గొంతు తగ్గించింది. "పిలిచినావా నాయనా?"

"ఆఁ."

"పిలిచినావు గదా..."

"పిలిచినానమ్మా!" నవ్వాడు మురళి.

తెల్లారేసరికి ఆత్మకూరు పొలిమేరలో ఉన్నారు. టీకొట్టు రమణయ్య గ్లాసులు అందిస్తూ, నిన్న ఎక్కడ ఆగినారని అడిగాడు. చెప్పారు. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆదిశేషమ్మ ఇల్లా? ఆయమ్మ పోయి ఏళ్ళయింది స్వామీ. కోనకు నడిచేవాళ్ళకు పెట్టేది. తిన్నవాళ్ళు 'నువ్వూ తినమ్మా' అంటేనే తాను ముద్ద ముట్టేది. అది ఆయమ్మ నియమం. ఒక ఏడు జనం విరగబడినారు. పెట్టింది, పెట్టింది... అందరూ చెయ్యి కడుక్కోని పోయినారే గానీ ఒక్కడన్నా ఆ మాట అనలా. ఆకలితోనే పొయ్యి కాడ పడిపోయింది. మీరన్నా అన్నారా?"

చెయ్యి కడుక్కొని లేచామే గానీ ఆ మాట అనలేదని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ మోగింది. మురళి భార్య అనుపమ. గొంతు సంతోషంతో వణుకుతోంది.

"ఏమండీ, స్వామి దయ చూపినాడు! పాప తింటా ఉండాది! తెల్లారకముందే ఒక అవ్వ తలుపు తట్టి, మురళి పిలిచినాడు అనింది. ఆమె ముద్దలు పెడతా ఉంటే పాప పళ్ళెం ఖాళీ చేసేసింది."

"అనూ... పాపను ఎత్తుకో. బయటికి వచ్చెయ్."

"అబ్బ, ఉండండి. ఇంకో పళ్ళెం అడగతా ఉండాది."

మొక్కు మధ్యలో వదిలేసి, సురేంద్రను వెంటబెట్టుకొని బస్సెక్కాడు మురళి. ఇల్లు చేరేసరికి అవ్వ లేదు. పాప తింటోంది. మర్నాడూ తింది. పళ్ళెం మీద పళ్ళెం. తినేకొద్దీ చిక్కింది, తిన్నదంతా ఇంకెవరి కడుపులోకో పోతున్నట్టు. బుగ్గలు పోయాయి. పక్కటెముకలు తేలాయి. "నాయనా... ఆకలి..." అదొక్కటే గుసగుస.

మురళి గోడలకు దండాలు పెట్టాడు. "నువ్వూ తినమ్మా, తప్పయింది, తినమ్మా!" అని ఖాళీ గదిలో గొంతు పోయేదాకా అరిచాడు.

పక్కగదిలో పాప నములుతూనే ఉంది.

ఆ వైశాఖం దాటలేదు శ్రీవిద్య.

అనుపమ మాత్రం ఇప్పటికీ పూటపూటా పాప పళ్ళెంలో అన్నం పెట్టి తలుపు మూస్తుంది. తీసేసరికి అన్నం తరిగి ఉంటుంది. ఒకవైపు పెద్ద వేళ్ళ గుర్తులు. ఇంకోవైపు చిన్నవి. మొన్నటి నుంచి మూడో వైపు కూడా తరుగుతోంది... అక్కడ పడేవి ఎవరి వేళ్ళో, ఆ మాట అనకుండా ఎవరు లేచొచ్చారో తెలియదు.

తల్లీ, ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీకు ఎవరు అన్నం పెట్టినా, లేచే ముందు వాళ్ళ ముఖం చూసి "నువ్వూ తిను" అనండి. వాళ్ళు కూర్చొని మొదటి ముద్ద మింగేదాకా కదలబాకండి. ఈ పూట అనండి. రేపూ అనండి. అన్నం తిన్న ప్రతి చోటా అనండి.